పాత పవర్ మ్యాక్‌లో లైనక్స్: బూట్‌లోడర్ దగ్గర చిక్కు ఎందుకు పడుతుంది

పాత పవర్‌పీసీ కంప్యూటర్‌లో, అంటే పవర్‌పీసీ ప్రాసెసర్‌తో ఆపిల్ అమ్మిన పవర్ మ్యాక్ లాంటిదానిలో, లైనక్స్ ఎక్కించడం అంత కష్టం కాదు. ఇన్‌స్టాలర్ అడిగినవాటికి జవాబులు చెబుతూ పోతే ఫైళ్లన్నీ డిస్కులో చేరతాయి. అసలు గొడవ యంత్రాన్ని ఆపి మళ్లీ వేసినప్పుడు మొదలవుతుంది. తెర మధ్యలో ఒక ఫోల్డర్ బొమ్మ, దాని మీద ప్రశ్నార్థకం మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. లైనక్స్ డిస్కులోనే ఉంది, యంత్రానికే దాని ఆచూకీ తెలియదు. ఆ ఆచూకీ పట్టుకుని లైనక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్.

విజయనగరంలో శుభలేఖలు, సిరిమానోత్సవం కరపత్రాలు అచ్చువేసే ఒక ప్రెస్సులో పవర్ మ్యాక్ జీ4 ఒకటి మూలపడి ఉంది. పాత పనుల ఫైళ్లన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. యజమానికి కావలసింది చిన్న విషయమే: ఆ డిస్కును కదపకుండా, పక్కన ఇంకో డిస్కు పెట్టి, దానిలో లైనక్స్ వేసి, పాత ఫైళ్లు ఆఫీసులోని విండోస్ కంప్యూటర్లకు అందేలా చేయడం. "ఈ డబ్బా మళ్లీ లేస్తుందా బాబూ?" అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు వెతకబోతే ఇంటర్నెట్ నిండా సూచనలే. ఒకరు బూట్ఎక్స్ అంటారు, ఒకరు క్విక్ అంటారు, ఇంకొకరు యాబూట్, మరొకరు గ్రబ్. ఇవన్నీ బూట్‌లోడర్ల పేర్లే. అందరూ చెప్పేది నిజమే, కానీ ఒక్కొక్కరు ఒక్కో తరం యంత్రం గురించి చెబుతున్నారు. ఆ సంగతి ఎవరూ మొదటి వాక్యంలో చెప్పరు. మీ చేతిలో ఉన్నది ఏ తరం యంత్రమో తేలితే, చదివినవాటిలో మూడింట రెండు వంతులు పక్కన పడేయవచ్చు.

ముందుగా మామూలు పీసీ ఎలా లేస్తుందో గుర్తు చేసుకుందాం. స్విచ్ వేయగానే మొదట నడిచే, యంత్రంలోనే నిలిచి ఉండే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. పీసీలో పాతకాలపు ఫర్మ్‌వేర్ పేరు బయాస్. దానికి ఫైళ్లు, ఫోల్డర్లు అంటే ఏమిటో తెలియదు. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును తెచ్చుకుని, దానిలో ఉన్న 446 బైట్ల కోడ్‌ను గుడ్డిగా నడుపుతుంది. అందుకే పీసీలో బూట్‌లోడర్ ఏ ఫోల్డర్‌లోనూ కనిపించకుండా డిస్కు అంచున దాక్కుని ఉంటుంది. పవర్ మ్యాక్ సంగతి వేరు. దాని ఫర్మ్‌వేర్ పేరు ఓపెన్ ఫర్మ్‌వేర్. సన్ కంపెనీ యంత్రాల్లో పుట్టి, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణంగా స్థిరపడిన ఈ ఫర్మ్‌వేర్‌ను ఆపిల్ 1995లో పీసీఐ స్లాట్లున్న పవర్ మ్యాక్‌లతో తీసుకొచ్చింది. దీనికి ఆపిల్ వారి హెచ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) చదవడం వచ్చు. డిస్కును విడగొట్టిన భాగాలను పార్టిషన్లు అంటారు. ఫలానా పార్టిషన్‌లో ఫలానా ఫైలు నడుపు అంటే వెళ్లి నడుపుతుంది. పైగా లోపల ఫోర్త్ అనే పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాష ఉంది. బయాస్‌తో పోలిస్తే ఇది చదువుకున్న ఫర్మ్‌వేరే. అయితే చదువుకున్నవాళ్లతో ఉండే చిక్కు దీనితోనూ ఉంది: చిరునామా అక్షరం తప్పకుండా చెబితే గానీ కదలదు.

చిరునామాల గొడవే ఈ మొత్తం వ్యవహారానికి మూలం. విజయనగరంలో ఎవరినైనా ఇల్లు ఎక్కడని అడిగితే "గంట స్తంభం దాటి ఎడమకు తిరిగితే గుడి వెనుక సందులో మూడో గుమ్మం" అంటారు. మున్సిపాలిటీ పన్ను రసీదు మీద అదే ఇంటికి డోర్ నంబరు ఉంటుంది. ఓపెన్ ఫర్మ్‌వేర్ మొదటి రకం చిరునామా చెబుతుంది: ఫలానా పీసీఐ బస్సు, దాని మీద మ్యాక్-ఐఓ చిప్పు, దానిలో ఏటీఏ-4 కంట్రోలర్, దానికి తగిలించిన సున్నా నంబరు డిస్కు, ఆ డిస్కులో రెండో పార్టిషన్. లైనక్స్ రెండో రకం చెబుతుంది: హెచ్‌డీఏ2 లేదా ఎస్‌డీఏ2, అంటే డిస్కు పేరు, చివర పార్టిషన్ నంబరు. రెండూ ఒకే చోటు. కానీ ఫర్మ్‌వేర్‌కు లైనక్స్ నంబరు తెలియదు, లైనక్స్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాము కెర్నల్‌కు ఫర్మ్‌వేర్ దారి అక్కర్లేదు. బూట్‌లోడర్‌ను అమర్చడం అంటే ఈ రెండు చిరునామాలను ఒకదానితో ఒకటి జతచేసి, ఎక్కడ ఏది రాయాలో అక్కడ అది రాయడమే.

ఇక తరాలు. 1998లో ఐమ్యాక్ వచ్చేదాకా తయారైన పవర్ మ్యాక్‌లను ఓల్డ్ వరల్డ్ అని, ఐమ్యాక్‌తో మొదలైనవాటిని న్యూ వరల్డ్ అని అంటారు. లేత గోధుమ రంగు డబ్బాలో వచ్చిన జీ3 డెస్క్‌టాప్, టవర్ ఓల్డ్ వరల్డ్. 1999 జనవరిలో వచ్చిన నీలం-తెలుపు జీ3 న్యూ వరల్డ్. జీ4లు, జీ5లు అన్నీ న్యూ వరల్డే. రంగుల ప్లాస్టిక్ ఉన్నా, పుట్టుకతోనే యూఎస్‌బీ ఉన్నా న్యూ వరల్డ్ అనుకోవచ్చు. లైనక్స్ ఏదో విధంగా ఒకసారి లేచిందంటే ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైలు చూడండి. పీమ్యాక్-జనరేషన్ అనే వరుసలో అది ఏ తరమో రాసి ఉంటుంది.

ఓల్డ్ వరల్డ్ గురించి ఎక్కువ చెప్పను. మన దగ్గర అవి దొరకడమే అరుదు. ఆ యంత్రాల్లో ఓపెన్ ఫర్మ్‌వేర్ ఉంది కానీ లోపాలతో ఉంది. చాలా మోడళ్లలో అది మాట్లాడేది తెర మీద కాదు, వెనుక ఉన్న సీరియల్ పోర్టు ద్వారా. కీలు నొక్కితే తెర నల్లగానే ఉంటుంది, యంత్రం చచ్చిందనుకుంటాం. ఆ కాలానికి రెండు దారులున్నాయి. మొదటిది బూట్ఎక్స్: ఆపిల్ వారి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్‌ను డిస్కులో ఉంచుకుని, సిస్టమ్ ఫోల్డర్‌లో లైనక్స్ కెర్నల్స్ అనే ఫోల్డర్ చేసి, దానిలో కెర్నల్ పెడతాం. మ్యాక్ ఓఎస్ లేచే దారిలో బూట్ఎక్స్ అడ్డం పడి "ఏది కావాలి?" అని అడుగుతుంది. లైనక్స్ అంటే మ్యాక్ ఓఎస్‌ను అక్కడికక్కడే తోసేసి కెర్నల్‌ను పట్టుకొస్తుంది. రెండోది క్విక్. ఇది మ్యాక్ ఓఎస్ అవసరం లేకుండా ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా లేపుతుంది, కానీ ఫర్మ్‌వేర్ లోపాలన్నీ మన నెత్తిన పడతాయి. నా మాట వింటే బూట్ఎక్స్‌తో సరిపెట్టుకోండి. ఒక పాత మ్యాక్ ఓఎస్‌కు కొన్ని మెగాబైట్ల చోటివ్వడం సీరియల్ కేబుల్ వెతుక్కోవడం కంటే సుఖం.

న్యూ వరల్డ్ దగ్గర నిదానంగా ఆగాలి. ప్రెస్సులోని జీ4 ఈ తరానిదే, మన చేతికి దొరికే పవర్ మ్యాక్‌లలోనూ ఇవే ఎక్కువ.

న్యూ వరల్డ్ యంత్రం లేవగానే చేసే పని ఒకటే. హెచ్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్ వెతికి, దానిలో "బ్లెస్" చేసిన ఫోల్డర్ తెరిచి, టీబీఎక్స్ఐ అనే రకం ముద్ర ఉన్న ఫైలును నడుపుతుంది. హెచ్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ పేరుతో పాటు నాలుగక్షరాల రకం ముద్ర ఉంటుంది. డిస్కు శీర్షికలో ఒక ఫోల్డర్ సంఖ్య రాసుకునే గడి కూడా ఉంటుంది. ఆ గడిలో ఏ ఫోల్డర్ సంఖ్య ఉంటే ఆ ఫోల్డర్‌కు బ్లెస్ అయినట్లు. కాబట్టి మన బూట్‌లోడర్‌కు మూడూ కావాలి: హెచ్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్, బ్లెస్ అయిన ఫోల్డర్, టీబీఎక్స్ఐ ముద్ర. చాలామంది ఈ తరానికి వాడే బూట్‌లోడర్ యాబూట్ ఫైలును హెచ్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌లోకి కాపీ చేసి పని అయిపోయిందనుకుంటారు. ఫైలు ఉంది, ముద్ర లేదు, యంత్రం దానిని దాటుకుని వెళ్లిపోతుంది.

ఆ పార్టిషన్ కూడా మామూలుది కాదు. ఆపిల్ పార్టిషన్ మ్యాప్‌లో, అంటే డిస్కులోని పార్టిషన్ల పట్టికలో, దాని రకం ఆపిల్_బూట్‌స్ట్రాప్ అని ఉండాలి. పరిమాణం 800 కిలోబైట్లు చాలు. పార్టిషన్లు చేసే మ్యాక్-ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాములో బీ అనే అక్షరం కొడితే సరిగ్గా ఇదే తయారవుతుంది. లోపల హెచ్‌ఎఫ్‌ఎస్సే కదా, ఆపిల్_హెచ్‌ఎఫ్‌ఎస్ అని రకం రాస్తే ఏం పోయింది అనిపిస్తుంది. అలా రాస్తే మ్యాక్ ఓఎస్ లేచినప్పుడల్లా ఆ పార్టిషన్‌ను తనదనుకుని మౌంట్ చేస్తుంది, అంటే తెరిచి వాడుకలోకి తెచ్చుకుంటుంది. లోపల తన సిస్టమ్ ఫోల్డర్ కనిపించక బ్లెస్ గుర్తును తుడిచేస్తుంది. నిన్నటిదాకా లేచిన లైనక్స్ ఇవాళ మాయమవుతుంది. బూట్‌స్ట్రాప్ అనే రకం పెట్టింది మ్యాక్ ఓఎస్ కంట పడకుండా ఉండటానికే. ఇంకో జాగ్రత్త: ఒకే డిస్కులో మ్యాక్ ఓఎస్, లైనక్స్ రెండూ ఉంటే ఈ బుల్లి పార్టిషన్ మ్యాక్ ఓఎస్ పార్టిషన్ కంటే ముందు ఉండాలి. ఫర్మ్‌వేర్ వరుసగా వెతుకుతూ మొదట దొరికినదాన్ని పట్టుకుంటుంది. పార్టిషన్ నంబర్ల లెక్క కూడా గుర్తుంచుకోండి. ఆపిల్ మ్యాప్‌లో 1వ పార్టిషన్ మ్యాపే. మ్యాక్ ఓఎస్ 9 ఫార్మాట్ చేసిన డిస్కులో దాని తర్వాత డ్రైవర్ల బుల్లి పార్టిషన్లు వరుసగా ఉంటాయి కాబట్టి మీ మొదటి పార్టిషన్ నంబరు ఏకంగా 9 కావచ్చు. ఊహించకుండా చూసి రాయండి.

ఈ పనులన్నీ యాబూట్‌తో వచ్చే రెండు ప్రోగ్రాములు చేసిపెడతాయి. ఎంకేఓఎఫ్‌బూట్ ఆ పార్టిషన్‌ను కొత్తగా ఫార్మాట్ చేసి, ఫైళ్లు పెట్టి, ముద్ర వేసి, బ్లెస్ చేస్తుంది. మొదటిసారి దీన్ని నడపాలి. వైబిన్ ఫార్మాట్ జోలికి పోకుండా లోపలి ఫైళ్లను మాత్రమే తాజా చేస్తుంది. రెండూ లైనక్స్ అమరికల ఫోల్డర్ ఈటీసీలోని యాబూట్.కాన్ఫ్ ఫైలును చదివి నడుస్తాయి. ఆ ఫైలు ముప్పై వరుసలున్నా, జనాన్ని తిప్పలు పెట్టేవి ఒకేలా కనిపించే మూడే: బూట్, పార్టిషన్, రూట్. బూట్ ఎదురుగా రాసేది ఆ 800 కిలోబైట్ల బూట్‌స్ట్రాప్ పార్టిషన్, అంటే బూట్‌లోడర్ ఉండే చోటు. పార్టిషన్ ఎదురుగా రాసేది ఒట్టి అంకె. కెర్నల్ ఫైలు ఏ పార్టిషన్‌లో ఉందో ఆ నంబరు. రూట్ ఎదురుగా రాసేది కెర్నల్ లేచాక తన ఇల్లుగా మౌంట్ చేసుకోవలసిన చోటు. మొదటిది వైబిన్ చదువుకోవడానికి, రెండోది యాబూట్‌కు, మూడోది కెర్నల్‌కు. పక్కపక్కనే ఉన్న మూడు వరుసలు ముగ్గురు వేర్వేరు పాఠకుల కోసం రాసినవి. ఇది తెలిస్తే ఆ ఫైలులో సగం భయం పోతుంది.

నాలుగో వరుస డివైస్. ఇదే ఫర్మ్‌వేర్ చిరునామా. ఒక్క డిస్కే ఉంటే హెచ్‌డీ అని రాసి కోలన్ పెడితే చాలు. ప్రెస్సులోని యంత్రంలా రెండు డిస్కులుంటే మాత్రం హెచ్‌డీ అనే పొట్టిపేరు మొదటి డిస్కుకు, అంటే మ్యాక్ ఫైళ్లున్న పాత డిస్కుకు పోతుంది. రెండో డిస్కుకు పూర్తి దారి రాయాలి. దాన్ని మనం కట్టనక్కర్లేదు. ఓఎఫ్‌పాత్ అనే ప్రోగ్రాముకు లైనక్స్ పేరు చెబితే ఫర్మ్‌వేర్ దారి ఇస్తుంది. డోర్ నంబరు చెబితే దారి చెప్పే మనిషి దొరికినట్లే.

యాబూట్.కాన్ఫ్ మార్చాక వైబిన్ నడపడం మరిచిపోకండి. యాబూట్ చదివేది ఈటీసీలోని ఫైలును కాదు, బూట్‌స్ట్రాప్ పార్టిషన్‌లో పెట్టిన దాని నకలును. కెర్నల్ మాత్రం లైనక్స్ పార్టిషన్ నుంచే నేరుగా చదువుతుంది కాబట్టి అదే పేరుతో కొత్త కెర్నల్ వస్తే వైబిన్ అవసరం లేదు. యాబూట్ తేలిగ్గా చదివేది ఈఎక్స్‌టీ2, ఈఎక్స్‌టీ3 అనే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లను. బూట్ ఫోల్డర్‌కు వేరే పార్టిషన్ ఇచ్చి ఈఎక్స్‌టీ2గా ఉంచేస్తే నిశ్చింత. కెర్నల్ పేరు వీఎంలైనక్స్ అని ఉంటుంది. పీసీలో లాగా చివర జెడ్ కోసం వెతకవద్దు.

పాత సూచనలు పట్టుకుని పనిచేసేవాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఇంకొకటి ఉంది. ఒకప్పుడు ఐడీఈ అనే పాత రకం డిస్కులను లైనక్స్ హెచ్‌డీఏ అని పిలిచేది. డ్రైవర్లు లిబ్ఏటీఏ అనే కొత్త పద్ధతికి మారాక అదే డిస్కు ఎస్‌డీఏ అయింది. 2021లో వచ్చిన 5.14 కెర్నల్‌లో పాత ఐడీఈ డ్రైవర్లను పూర్తిగా తీసేశారు. 2005 నాటి సూచన చూసి రూట్ ఎదురుగా హెచ్‌డీఏ3 అని రాస్తే యాబూట్ సరిగ్గానే లేస్తుంది, కెర్నల్ కూడా లేస్తుంది. చివరికి రూట్ దొరకలేదని కెర్నల్ చేతులెత్తేస్తుంది. తప్పు బూట్‌లోడర్‌ది అనుకుని దాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించేవాళ్లు చాలామంది. రూట్ ఎదురుగా యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్ సొంత గుర్తింపు సంఖ్య, రాస్తే, కెర్నల్‌తో పాటు లోడ్ అయ్యే సహాయక ఫైలు ఇనిట్‌ఆర్‌డీ వాడుతున్నంతకాలం, ఈ పేర్ల మార్పుతో పని లేదు.

ఇప్పుడు గ్రబ్. లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 32 బిట్ల పవర్‌పీసీని అధికారికంగా మోసింది 2015 నాటి 8వ విడుదల వరకే. మరో పంపిణీ ఉబుంటు 17.04 నుంచి వదిలేసింది. డెబియన్ పోర్ట్స్ అనే పక్కదారిలో ఆ పని ఇంకా నడుస్తోంది. అక్కడి ఇన్‌స్టాలర్ యాబూట్‌ను వదిలి గ్రబ్ పెడుతుంది. సూత్రం మారలేదు: హెచ్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్, బ్లెస్ అన్నీ ఉండాల్సిందే. అయితే గ్రబ్ తన ఫైళ్లన్నీ ఆ పార్టిషన్‌లోనే పెట్టుకుంటుంది కాబట్టి దానికి 800 కిలోబైట్లు చాలవు. ఆ పార్టిషన్ బూట్ ఫోల్డర్ లోపలి గ్రబ్ ఫోల్డర్‌గా మౌంట్ అవుతుంది. పీసీలో గ్రబ్ తెలిసినవాళ్లకు మిగతా అంతా పరిచయమే. ఈఎక్స్‌టీ4ను అది చక్కగా చదువుతుంది. కొత్తగా వేసేవాళ్లు గ్రబ్‌నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. పాత డెబియన్ 8లో యాబూట్ నడుస్తుంటే మాత్రం దాన్ని కదపకండి. ఐబీఎం వారి పవర్ సర్వర్లలో ఇవేవీ వర్తించవు. అక్కడ ఫైల్ సిస్టమ్ లేని ప్రెప్ పార్టిషన్ ఒకటి ఉంటుంది, బూట్‌లోడర్‌ను దానిలో యథాతథంగా రాస్తారు.

ఇంత చేసినా ప్రశ్నార్థకం ఫోల్డర్ వస్తే ఫర్మ్‌వేర్‌తో ముఖాముఖి మాట్లాడాలి. స్విచ్ వేసిన వెంటనే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ కీలు నాలుగూ కలిపి నొక్కిపెట్టాలి. మన బజార్లో దొరికే మామూలు యూఎస్‌బీ కీబోర్డు అయితే విండోస్ కీ కమాండ్‌గా, ఆల్ట్ కీ ఆప్షన్‌గా పనిచేస్తాయి. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలతో స్వాగతం కనిపించి, కింద సున్నా, దాని పక్కన బాణం గుర్తు వస్తాయి. ఆ సున్నాను చాలామంది అలంకారం అనుకుంటారు. అది ఫోర్త్ భాష అంకెలను పేర్చుకునే చోటైన స్టాక్‌లో ఎన్ని అంకెలున్నాయో చెప్పే లెక్క. ఊరికే 5 కొట్టి ఎంటర్ నొక్కండి, సున్నా ఒకటి అవుతుంది. చుక్క కొట్టి ఎంటర్ నొక్కితే 5 తెర మీద పడి మళ్లీ సున్నా అవుతుంది. ఫర్మ్‌వేర్ మీ మాట వింటోందని తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

డెవ్ఏలియస్ అనే ఆజ్ఞ కొడితే పొట్టిపేర్లు, వాటి పూర్తి దారులు వరుసగా వస్తాయి. రెండో డిస్కు దారి అక్కడే దొరుకుతుంది. ప్రింట్ఎన్వ్ కొడితే ప్రస్తుత అమరికలు వస్తాయి. వాటిలో బూట్-డివైస్ అనే వరుస చూడండి. కొత్త యంత్రంలో అది "హెచ్‌డీ:,\\:టీబీఎక్స్ఐ" అని ఉంటుంది. దీన్ని ముక్కలు చేస్తే: హెచ్‌డీ డిస్కు, కోలన్ తర్వాత పార్టిషన్ నంబరు ఖాళీ కాబట్టి నువ్వే వెతుక్కో అని అర్థం, కామా, రెండు వెనుక గీతలు అంటే బ్లెస్ అయిన ఫోల్డర్, మళ్లీ కోలన్, తర్వాత ఫైలు రకం. చేతితో లేపాలంటే "బూట్ హెచ్‌డీ:2,\\యాబూట్" అని, మీ పార్టిషన్ నంబరుతో, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. తెరవలేకపోయానని జవాబు వస్తే దారి తప్పు. డిఫాల్ట్ క్యాచ్ అని అరిస్తే దారి కుదిరింది, ఫైలు నడవడంలో తేడా వచ్చింది. రెండు జవాబులకూ వైద్యం వేరు కాబట్టి తెర మీద ఏముందో పూర్తిగా చదవండి. చేతితో లేస్తే సెట్ఎన్వ్‌తో బూట్-డివైస్ మార్చి, రీసెట్-ఆల్ కొడితే ఇక ప్రతిసారీ అదే దారి పడుతుంది.

ఆ అమరిక ఉండేది డిస్కులో కాదు, ఎన్‌వీర్యామ్ అనే చిన్న జ్ఞాపకంలో. వైబిన్ కూడా చివర అక్కడే చిరునామా రాస్తుంది. మ్యాక్ మొండికేస్తే కమాండ్, ఆప్షన్, పీ, ఆర్ నొక్కమని పాత మెకానిక్కులు చెప్పే చిట్కా ఆ జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. రెండు డిస్కుల యంత్రంలో ఈ చిట్కా వేస్తే ఫర్మ్‌వేర్ మళ్లీ మొదటి డిస్కుకే పోతుంది. లైనక్స్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. ఆప్షన్ కీ పట్టుకుని లేపితే బూట్ చేయదగిన పార్టిషన్లు బొమ్మలుగా కనిపిస్తాయి. బ్లెస్ సరిగ్గా ఉంటే మీదీ వాటిలో ఉంటుంది. లోపలికి వెళ్లి వైబిన్ ఒకసారి నడిపితే సరి.

బూట్‌లోడర్ కెర్నల్‌ను పిలిచాక తెర నల్లబడితే తప్పు దానిది కాదు, గ్రాఫిక్స్‌ది. కెర్నల్‌కు "వీడియో=ఓఎఫ్ఓన్లీ" అని అదనంగా చెబితే ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సరిపెట్టుకుంటుంది. రేడియాన్ గ్రాఫిక్స్ కార్డున్న యంత్రం మధ్యలో బిగుసుకుపోతుంటే ఆ కార్డు డ్రైవర్ అమరిక ఏజీపీమోడ్‌ను మైనస్ ఒకటి చేసి చూడండి. జీ5 వాళ్లకు ఇంకో వినోదం ఉంది. ఫ్యాన్ల మాడ్యూళ్లు లోడ్ కాకపోతే అది విమానం లేచినంత చప్పుడు చేస్తుంది. డౌన్‌లోడ్ దగ్గర కూడా జాగ్రత్త: పీపీసీ64ఈఎల్ అనేది ఐబీఎం పవర్8 ప్రాసెసర్ నుంచి వచ్చిన సర్వర్లకు, జీ5కు కాదు. జీ5కు పీపీసీ64, జీ3, జీ4లకు పవర్‌పీసీ అని ఉన్నవి తీసుకోవాలి. మ్యాక్‌లు పెద్ద బైటు ముందుండే లెక్కలో నడుస్తాయి, ఈఎల్ అని ఉన్నది దానికి తలకిందులు.

చివరగా బ్యాటరీ. జీ4 టవర్ మదర్‌బోర్డు మీద 3.6 వోల్టుల పొట్టి లిథియం బ్యాటరీ ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత అది దాదాపుగా చచ్చే ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ సంగతి తెలియదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తుపాను వచ్చిందంటే కరెంటు ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటి కోత తర్వాత యంత్రం వేస్తే గడియారం మ్యాక్ కాలం మొదలైన 1904కు పోయి ఉండవచ్చు. లైనక్స్ లేస్తుంది, కానీ డిస్కును చివరిసారి వాడింది భవిష్యత్తులో అని ఫైల్ సిస్టమ్ తనిఖీ గొణుగుతుంది. ప్యాకేజీలు దించబోతే సంతకాలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని డెబియన్ ప్యాకేజీలు దించే ప్రోగ్రాము ఏపీటీ నిరాకరిస్తుంది. అప్పుడు బూట్‌లోడర్ ఫైళ్లు తెరవకండి. కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ఆజ్ఞతో దాన్ని యంత్రం గడియారంలోకి రాసి, ఏపీటీని మళ్లీ నడపండి.